రెండేళ్ల వాడకం తర్వాత: తోటల పనికి కొన్న పాత సింగిల్ క్యాబ్ పికప్

ముగ్గురు మనుషులతో నడిచే మా ల్యాండ్‌స్కేపింగ్ పనికి ఈ పికప్ ట్రక్కును సెకండ్‌హ్యాండ్‌లో కొని రెండేళ్లు దాటింది. ఒకే వరుస సీట్లు, పెట్రోల్ ఇంజన్, చేత్తో మార్చే గేర్లు, వెనుక కమాన్ కట్టలు (ఇనుప పట్టీల స్ప్రింగులు), మూడు వైపులా డాలాలు (తొట్టి గోడ పలకలు) కిందికి దిగే 2.4 మీటర్ల తొట్టి. ఇంతకు మించి చెప్పుకోదగ్గ హంగులేవీ దీనికి లేవు. తయారీదారు పేరు చెప్పడం లేదు, ఎందుకంటే ఇందులోని గుణదోషాలలో ఎక్కువ భాగం ఈ తరహా బండ్లన్నిటికీ ఉండేవే. టయోటా హైలక్స్, ఇసుజు డీ-మ్యాక్స్, ఫోర్డ్ రేంజర్ వంటి పికప్‌లన్నీ నిచ్చెన ఆకారపు ఛాసిస్ మీదే తయారవుతాయి కాబట్టి, బరువు పనికి వాటిలో ఏది పనికిరాదని నేను అనను. ఆ ఛాసిస్ మీద ఎలాంటి తొట్టి ఉంది, అది ఎంత బరువు మోయగలదు అన్నదే మా పనిలో తేడా చూపిస్తుంది.

బరువు లెక్క తెలియకుండా బండి కొనడం వల్ల నేను నష్టపోయాను కనుక ఆ సంగతి కొంచెం వివరంగా చెబుతాను. అమ్మేవారు నోటితో చెప్పే "ఒక టన్ను లాగుతుందండీ" అనే మాటను పక్కన పెట్టి, తలుపు చట్రం దగ్గర అతికించి ఉండే ప్లేటును చదవాలి. మా బండి మొత్తం అనుమతి బరువు 2,900 కేజీలు, ఖాళీ బరువు 1,850 కేజీలు. మిగిలిన 1,050 కేజీలూ సరుకుకే అనుకుంటే పొరపాటే. అందులోంచి ముగ్గురు మనుషులకు 210, గడ్డి కోసే యంత్రానికీ పారలకూ గడ్డపారలకూ మరో 120 పోతే, మట్టికి మిగిలేది 720 కేజీలు మాత్రమే. తడి మట్టి ఘనపు మీటరుకు సుమారు 1,700 కేజీలు తూగుతుంది. ఆ లెక్కన మా తొట్టిలో మట్టి పదకొండు సెంటీమీటర్ల ఎత్తుకు మించకూడదు. తొట్టి గోడ ఎత్తు నలభై సెంటీమీటర్లు కనుక, సగం కూడా నిండని తొట్టిని చూసి కూలీలకు "ఇంకా బోలెడు చోటుంది" అనిపించడంలో వింత లేదు. మొదటి వానాకాలంలో నాకూ అలాగే అనిపించింది. పొడిగా ఉన్నప్పుడు మోసినంత మట్టినే వాన పడిన మర్నాడు కూడా ఎత్తించాను, ఒక గుంతలో చక్రం దిగగానే ఎడమ వైపు కమాన్ కట్టలో మెయిన్ పట్టీ రెండుగా విరిగింది. తప్పు బండిది కాదు, పూర్తిగా నాదే. ఆ మరమ్మతు అయిన రోజునే తొట్టి లోపలి గోడ మీద పసుపు రంగుతో ఒక గీత గీశాము. తడి మట్టి ఏదైనా ఆ గీత దాటి పడకూడదు. ఎండుటాకులకూ కత్తిరించిన కొమ్మలకూ ఆ గీతతో పని లేదు, వాటికి చోటు చాలదు గానీ బరువు సమస్య కాదు.

దీనికి ముందు మా దగ్గర ఉన్నది రెండు వరుసల సీట్ల డీజిల్ పికప్. చూడముచ్చటైన బండి, కస్టమర్ ఇంటి ముందు ఆపితే మర్యాద కూడా దక్కేది. అయితే దాని తొట్టి మీటరున్నర పొడవే ఉండడంతో మోవర్ ఎక్కిస్తే ఇక మొక్కలకు చోటుండేది కాదు. అంతకంటే పెద్ద ఇబ్బంది పొగలోని మసిని పట్టే ఫిల్టర్‌తో వచ్చింది. ఆ ఫిల్టర్‌లో పేరుకున్న మసి కాలిపోవాలంటే ఇంజన్ కొంతసేపు ఆగకుండా మంచి వేడి మీద నడవాలి. మేము ఒక తోట నుంచి మూడు నాలుగు కిలోమీటర్ల దూరంలోని ఇంకో తోటకు వెళ్లి ఇంజన్ ఆపేస్తాము కాబట్టి ఆ వేడి ఎన్నడూ రాదు. హెచ్చరిక దీపం వెలగడం, మెకానిక్ దగ్గరికి పరుగెత్తడం నెలనెలా తప్పని తంతు అయింది. రోజంతా హైవే మీద తిరిగేవారికి డీజిలే మేలు కావచ్చు. పొట్టి ప్రయాణాల వారికి మాత్రం, ఇంధనం కాస్త ఎక్కువ తాగినా, సాదాసీదా పెట్రోల్ ఇంజనే నిశ్చింత అని నా అభిప్రాయం.

పాత బండి కొనేటప్పుడు ఇంజన్ చల్లగా ఉండగానే చూడాలి. నేను ఒకచోట బానెట్ మీద చెయ్యి వేయగానే వేడి తగిలింది. "ఇప్పుడే పని మీద వెళ్లొచ్చానండీ" అన్నారు యజమాని. మర్నాడు తెల్లవారగానే ముందుగా చెప్పకుండా వెళ్లి స్టార్ట్ చేయించాను. సైలెన్సర్ నుంచి నీలం పొగ గుప్పున వచ్చింది, అంటే ఇంజన్ ఆయిల్ కాలుతోందన్నమాట. ఆ బేరం అక్కడే వదిలేశాను. బండి కింద పడుకొని ఛాసిస్‌ను చిన్న సుత్తితో తట్టి చూడడం కూడా అవసరమే. గట్టి ఇనుము ఖంగుమంటుంది, లోపల తుప్పు తిన్న చోట శబ్దం మొద్దుబారిపోతుంది. ఎరువులూ తడి మట్టీ మోసిన బండ్లలో తొట్టి కింది అడ్డకమ్ములు ముందుగా పాడవుతాయి కనుక పై రంగును చూసి మురిసిపోకూడదు. టైర్ల పక్కగోడ మీద చివరి నాలుగు అంకెలు తయారీ తేదీని చెబుతాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం అని అర్థం. అరుగుదల లేకపోయినా అంత పాత రబ్బరును బరువు బండికి నమ్మలేము.

ఈ ట్రక్కులో నాకు అన్నిటికంటే నచ్చినది పక్క డాలాలు దిగడమే. వెనుక నుంచి మాత్రమే తెరుచుకునే తొట్టిలో ముందు మూలనున్న కుండీ కావాలంటే మనిషి లోపలికి ఎక్కి, మిగతావన్నీ జరిపి తీసుకోవాలి. ఇక్కడ నేల మీద నిలబడే ఏ మూల వస్తువునైనా అందుకోవచ్చు. గడ్డి చాపల చుట్టలు దించే రోజున, ఒక్కరి పనిలో దాదాపు అరగంట మిగులుతోంది.

చిన్న బండి చాలుననుకునేవారు జపాన్ కేయీ తరగతి మినీ ట్రక్కులను కూడా చూడవచ్చు. 3.4 మీటర్ల పొడవు, 660 సీసీ ఇంజన్ కాబట్టి ఇరుకు సందుల్లోకి సులువుగా దూరుతాయి. సరుకు పరిమితి 350 కేజీలే అయినందున, అవి మొక్కలు కత్తిరించి తోటలను సంరక్షించే పనికి సరిపోతాయే గాని మట్టి పనికి చాలవు.

ఇక లోపాలు. మధ్య సీటులో కూర్చున్నవారి మోకాలు గేరు రాడ్‌కు తగులుతుంది. పనిముట్లు తాళం వేసి దాచుకునే చోటు లేక క్యాబ్ వెనుక ఒక ఇనుప పెట్టె చేయించుకోవలసి వచ్చింది, దాని 40 కేజీలూ మట్టి లెక్కలోంచే తగ్గాయి. అందువల్ల పసుపు గీతను కూడా కొంచెం కిందికి దించాము. పారలు రాచుకొని అది ఆరు నెలలకోసారి చెరిగిపోతుంటుంది. రంగు డబ్బా, కుంచె సీటు కిందే ఉంటాయి.