టీ నగర్‌లో కొన్న నాటిలాయిడ్ పలక

చెన్నై టీ నగర్‌లో రంగురాళ్లు అమ్మే ఒక షాపులో మొన్న శనివారం 850 రూపాయలకు కొన్నాను. అరచేతిలో పట్టే నల్లరాయి పలక, మధ్యలో కొనదేలిన తెల్లటి గుల్ల. అది నాటిలాయిడ్ శిలాజం, అంటే ఆక్టోపస్, స్క్విడ్‌లకు చుట్టమైన, గదుల గుల్ల ఉన్న సముద్రజీవిది. మొరాకో సరుకు. మా ఎనిమిదో తరగతి పిల్లలకు చూపించడానికి ఇలాంటిది ఎన్నాళ్లుగానో వెతుకుతున్నాను.

ఇంటికొచ్చి కుళాయి కింద తడిపాను. నలుపు చిక్కబడి, గుల్ల లోపలి అడ్డుగోడలు ఒక్కొక్కటే తేలాయి. లెక్కపెడితే పదిహేడు. ప్రతి గోడా గిన్నె అడుగులా వంగి ఉంది. వాటి నడుమ నుంచి సన్నని గీత ఒకటి కొన దాకా పోయింది. అదే సైఫంకిల్ అనే గొట్టం. గదుల్లోని నీటిని దీని గుండానే లాగేసేది ఆ జీవి. ఖాళీలోకి వాయువు చేరేది. అంత బరువైన గుల్లతో అది తేలగలిగింది అందుకే. ఉండేది మాత్రం చివరి పెద్ద గదిలోనే. పెరిగేకొద్దీ ముందుకు జరిగి వెనక గోడ కట్టుకునేది. పదిహేడు గోడలంటే పదిహేడు సార్లు ఇల్లు మారిందన్నమాట!

దవడలున్న చేపలు పెత్తనం చేయకముందు, 48.5 నుంచి 44.4 కోట్ల ఏళ్ల నాటి ఆర్డోవిషియన్ సముద్రాల్లో పెద్ద వేటగాళ్లు ఈ వంశం వాళ్లే. కొన్నింటి గుల్ల మనిషి కంటే పొడవు.

ఒక్క విషయంలో బాధ కలిగింది. పెట్టె మీద చీటీలో ‘అమ్మోనైట్’ అని ఉంది. అమ్మోనైట్ గుల్ల ఉన్న వేరే వంశపు సముద్రజీవి, కాబట్టి ఆ పేరు తప్పు. అమ్మోనైట్లలో గొట్టం గుల్ల అంచు వెంట పోతుంది, గోడల అతుకులు మెలికలు తిరుగుతాయి. కౌంటర్ దగ్గర అబ్బాయికి చెబితే, ‘‘అన్నిటికీ అదే చీటీ మేడమ్’’ అన్నాడు. కానీ నా ఎదుటే పెన్నుతో దిద్దాడు, అది నచ్చింది.

పక్కనే ఇంకో పలక పెద్దదే గానీ తీసుకోలేదు. గుల్ల చుట్టూ సన్నని గాడి, అందులో జిగురు మెరుపు. వేరే గుల్లను తెచ్చి అతికించిన పని అది. రాతిలోని తెల్ల కాల్సైట్ ఖనిజపు చార గుల్ల మీదుగా ఆగకుండా సాగితే నమ్మవచ్చు.

తమిళనాడులోని అరియలూరు వైపు డైనోసార్ల కాలం నాటి క్రెటేషియస్ రాళ్లలోనూ నాటిలాయిడ్లు ఉన్నాయి. 1861లోనే భూగర్భ శాస్త్రవేత్త బ్లాన్‌ఫోర్డ్ వాటిని వర్ణించాడు. పిల్లలకు అదీ చెప్పాలి.

కొనేవాళ్లు లెన్స్ పట్టుకెళ్లండి, వెనక గరుకు వైపూ తిప్పి చూడండి. నా పలక వెనక ఇంకో బుల్లి గుల్ల కొన బయటపడింది. షాపువాళ్లు దాన్ని చూసినట్టే లేరు.