ముంపు ఊరి వాళ్లకు అందిన వైద్యం: నలభై ఏళ్ల అనుభవం

శ్రీశైలం జలాశయంలో ఊరు మునిగిపోగా, కొల్లాపూర్ ప్రాంతంలో గట్టున కొత్తగా ఇళ్లు కట్టుకున్న కుటుంబం మాది. అప్పటి నుంచి ప్రభుత్వ వైద్యాన్ని వాడుకుంటున్న మనిషిగా ఈ సమీక్ష రాస్తున్నాను.

మొదటి పాతికేళ్లు జ్వరమొచ్చినా, తేలు కుట్టినా ఊళ్లోని ఆర్‌ఎంపీయే దిక్కు. డబ్బుకు ఆగుతాడు, అర్ధరాత్రి పిలిచినా తలుపు తీస్తాడు. మాకు అదే పెద్ద వైద్యం. 2005లో 108 వాహనాలు, 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ వచ్చాక పరిస్థితి నిజంగా మారింది. ఆరోగ్యశ్రీని తొలుత ప్రారంభించిన మూడు జిల్లాలలో అప్పటి మా జిల్లా మహబూబ్‌నగర్ ఒకటి. మా నాయనకు హైదరాబాదులో గుండె ఆపరేషన్ ఆ కార్డు మీదే జరిగింది. ఆపరేషన్‌కు రూపాయి కట్టలేదు కానీ, తోడున్న ఇద్దరి తిండికీ బస్సు చార్జీలకూ రెండు మేకలు అమ్మవలసి వచ్చింది. 2022లో నాగర్‌కర్నూల్‌లో వైద్య కళాశాల మొదలైనందున ఆ దూరాభారం కొంత తగ్గింది.

పెద్ద జబ్బు సంగతి అది. రోజూ గోలీ వేసుకోవలసిన బీపీ, షుగర్ల దగ్గరే మా వాళ్లకు నమ్మకం కుదరదు. దీనిని చదువులేని తనమని తీసిపారేయడం అన్యాయం. చేతిలో కాగితం పట్టుకొని ఇంటింటికీ వచ్చి పేర్లు రాసుకున్నవాళ్ల వెనుకే నీళ్లు వచ్చాయని మా పెద్దలకు జ్ఞాపకం. అందుకే బీపీ పరీక్షకు వచ్చిన ఏఎన్ఎం ఆధార్ నంబరు అడగగానే మా అమ్మ లోపలికి వెళ్లి తలుపేసుకుంది. ఆ సిస్టరమ్మ మరుసటి వారం పుస్తకం లేకుండా వచ్చి, అరుగు మీద కూర్చొని, మునిగిన ఊరి ముచ్చట్లన్నీ విన్నది. మూడోసారి వచ్చినప్పుడు అమ్మే చెయ్యి చాపింది. ఆ తరువాత నెలనెలా "అవ్వా, గోలీల పట్టీ తెచ్చి చూపియ్, ఎన్ని మిగిలినయో సూస్త" అని లెక్కబెట్టి మరీ కొత్తవి ఇచ్చేది. నా దృష్టిలో ఈ నలభై ఏళ్లలో మాకు అందిన మేలైన వైద్యం అదే.

ఆమెకు బదిలీ అయింది. కొత్తగా వచ్చినామె పని మంచిదే, మందులకూ కొరత లేదు; అయితే నాలుగు ఊళ్లు చూసుకోవాలి కాబట్టి గడపలో నిలబడే కవరు అందించి వెళ్తున్నది. మొన్న దూలం సందులో చూస్తే విప్పని పట్టీలు మూడు దొరికాయి.