ఎనిమిదేళ్ళ బే ట్రయిల్, గుప్పెడు పల్లేరు కాయలు

శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం చుట్టూ నడిచేవాళ్ళకీ సైకిళ్ళకీ 500 మైళ్ళ దారి వేస్తామని 1989లో ప్లాన్ గీశారు. అదే బే ట్రయిల్. ఇప్పటికి 350 మైళ్ళు దాటింది. నేను అదంతా తొక్కలేదు. ఉండేది ఫ్రీమాంట్‌లో కాబట్టి నాది దక్షిణపు చుట్టే: డంబార్టన్ వంతెన దాటి మెన్లో పార్క్, పాలో ఆల్టో, మౌంటెన్ వ్యూ, ఆల్విసో, మిల్పిటాస్ మీదుగా మళ్ళీ ఇంటికి. నా మీటర్లో 65 కిలోమీటర్లకి అటూఇటూ చూపిస్తుంది. నెలకి ఒకసారైనా, ఎనిమిదేళ్ళుగా.

మాది చినగంజాం వైపు. ఉప్పు కొఠార్ల గట్ల మీద సైకిల్ నేర్చుకున్నవాణ్ణి. ఇక్కడ మొదటిసారి గట్టు మీదికి ఎక్కిన రోజు, ఆ ఉప్పుబురద వాసనకి పెడల్ ఆపేసి కాసేపు అలాగే నిలబడ్డాను. విమానం దిగుతుంటే కిటికీలోంచి ఎర్రగా, ఆకుపచ్చగా ముక్కలు ముక్కలుగా కనిపిస్తాయే, అవే ఈ ఉప్పు మడులు. ఉప్పదనం పెరిగేకొద్దీ నీళ్ళలో బతికే నాచూ సూక్ష్మజీవులూ మారి ఆ రంగులొస్తాయి. 2003లో వీటిలో 15,100 ఎకరాలు ప్రభుత్వం కొని మెల్లగా మళ్ళీ చిత్తడి నేలలుగా మారుస్తోంది. ఇన్నేళ్ళలో ఒకే మడి రంగు మారడం, కొంగలు పెరగడం నా కళ్ళతోనే చూశాను. ఎత్తుపల్లాలు లేవు, వంతెన మీద కార్లకీ మనకీ మధ్య గోడ ఉంది. ఇంకేం కావాలి అనుకునేవాణ్ణి.

2018 సెప్టెంబరు దాకా.

అప్పుడే హైదరాబాద్ నుంచి వచ్చిన మా బావమరిదిని వెంటేసుకెళ్ళాను. మౌంటెన్ వ్యూ దాటాక, మాఫెట్ ఫీల్డ్ అనే ఎయిర్‌ఫీల్డ్ వెనక కంకర గట్టు. ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క రేకులన్నీ ఊడదీసి అస్థిపంజరంలా నిలబెట్టిన పాత విమానాల షెడ్డు. నీడకి ఒక్క చెట్టు లేదు. ఎవరో ఎదురొస్తే దారివ్వడానికి ఇద్దరం అంచుకి జరిగాం. రెండు నిమిషాలకి వెనకనుంచి, "బావా, గాలి పోయింది."

"టైర్ చూడు" అనేలోపు నాదీ పోయింది. ఉన్న స్పేర్ ట్యూబు ఒక్కటి. వాడికి వేశాను. టైరు లోపల వేలు పెట్టి తడిమి చూడాలన్న బుద్ధి మాత్రం పుట్టలేదు. పది నిమిషాల్లో అదీ చప్పబడింది. అటుగా వచ్చిన ఒక పెద్దాయన సైకిల్ ఆపి, టైర్లోంచి ముల్లు పీకి నా అరచేతిలో పెట్టి "గోట్ హెడ్" అన్నాడు. రెండు కొమ్ములు, గడ్డం, నిజంగానే మేక తల. మా బావమరిది వంగి చూసి, "ఇది పల్లేరు కాయ కదా బావా!"

అదే. చిన్నప్పుడు బడి గ్రౌండ్లో మడమలో దిగితే పిన్నీసుతో తీయించుకున్న అదే పల్లేరు, పసుప్పచ్చ బుల్లి పూలతో సహా కంకర అంచున పాకి ఉంది. కాయ ఎండితే అయిదు ముక్కలవుతుంది. ఏ ముక్క ఎలా పడినా ఒక ముల్లు ఆకాశం వైపే చూస్తుంది. నాలుగు టైర్లలో కలిపి పదకొండు తీశాం. పెద్దాయన ఇచ్చిన ప్యాచీలు సరిపోలేదు. గట్టు దిగితే తప్ప గట్టెక్కలేమని అర్థమై, గంటకి పైగా తోసుకుంటూ సన్నీవేల్ చేరాం. అక్కడికి మా ఆవిడ కారు తెచ్చింది. వాళ్ళ తమ్ముడి మొహం చూసి నాతో దారంతా మాట్లాడలేదు.

ఇప్పుడు 35 మి.మీ. వెడల్పు టైర్లు, లోపల చిల్లు పడితే పూడ్చే సీలెంట్, రెండు స్పేర్ ట్యూబులు, సంచిలో పట్టకారు. ఎంత ఇరుకైనా అంచుకి జరగను, కాలు దించి నిలబడతాను.

పైన ఎత్తుపల్లాలు లేవన్నాను కదా, నిజమే. కానీ వేసవి మధ్యాహ్నాలు వాయవ్యం నుంచి కొట్టే గాలి ఉంటుంది. ఇంటివైపు ఉత్తరానికి తిరిగాక అదే కొండ. కార్ల బెడద కూడా మిల్పిటాస్ తర్వాత తప్పదు, చాలాచోట్ల రోడ్డే గతి. ఒకప్పుడు మెన్లో పార్క్, ఈస్ట్ పాలో ఆల్టోల మధ్య కూడా అంతే. 2020లో ఆ ముక్క కలిపారు, చాలా హాయి.

తొక్కమంటానా? నాకు ఫ్రీమాంట్ నుంచి దగ్గర, పిలిస్తే కారు తెచ్చే మనిషి ఉంది, ఉప్పు వాసనంటే బలహీనత. సన్న టైర్ల రోడ్ బైక్ ఉండి ఒంటరిగా వెళ్ళేవాళ్ళయితే ఆగస్టు నుంచి అక్టోబరు దాకా మాఫెట్ వెనక గట్టు వదిలేసి ఊళ్ళోంచి పోవడం మేలు. చలికాలంలో పిట్టలు బోలెడు, గాలి తక్కువ, కాకపోతే వాన పడిన మర్నాడు గట్టంతా జారుడు. మా బావమరిది మాత్రం డంబార్టన్ దాకా వస్తాడు, కంకర కనిపిస్తే చాలు వెనక్కి తిప్పేస్తాడు.