డేటన్‌లో మంగళవారమా, ఇండియానాపొలిస్‌లో శనివారమా?

"బావా, మార్చ్ మ్యాడ్‌నెస్ ఎప్పుడూ టీవీలోనేనా? ఒక్కసారి కళ్లారా చూడాలి. డేటన్ వెళ్దామా, ఇండియానాపొలిస్ వెళ్దామా?" అని మా బావమరిది అడిగాడు. మేముండేది సిన్సినాటి శివారులో. డేటన్ గంటలోపే, ఇండియానాపొలిస్ దాదాపు రెండు గంటలు. 2015లో మూడు వారాలు తిరక్కుండానే రెండు చోట్లా కూర్చుని చూశాను కాబట్టి ఈ విషయంలో కాస్త గట్టిగానే చెప్పగలను.

మార్చ్ మ్యాడ్‌నెస్ అంటే అమెరికాలో పురుషుల కాలేజీ బాస్కెట్‌బాల్ టోర్నమెంటు. అందులో 68 జట్లుంటాయి. వాటిని 64 చేయడానికి మంగళ, బుధవారాల్లో నాలుగు మ్యాచ్‌లు ఆడిస్తారు. అదే ఫస్ట్ ఫోర్. జరిగేది డేటన్ యూనివర్సిటీ వాళ్ల యూడీ ఎరీనాలో. 2001లో జట్లు 65 అయినప్పుడు ఆ ఒక్క అదనపు మ్యాచ్ ఇక్కడ పెట్టారు. 2011 నుంచి నాలుగూ ఇక్కడే. 2020లో టోర్నమెంటు రద్దయింది, 2021లో కోవిడ్ వల్ల మొత్తం ఇండియానా రాష్ట్రానికి తరలించారు. ఆ రెండేళ్లే మినహాయింపు. ఈ టోర్నమెంటు మ్యాచ్‌లు అన్నిటికంటే ఎక్కువ జరిగిన హాలు దేశంలో ఇదే. న్యూయార్కులోనో షికాగోలోనో ఉండాల్సిన రికార్డు డేటన్‌లో ఉందంటే మొదట నేనూ నమ్మలేదు.

ఇండియానాపొలిస్‌కు వచ్చేది ఆఖరి ఘట్టం, చివరికి మిగిలిన నాలుగు జట్లు ఆడే ఫైనల్ ఫోర్. సెమీస్ శనివారం, ఫైనల్ సోమవారం, అదీ ఆ ఊరికి వచ్చేది కొన్నేళ్లకోసారి. 1980లో మార్కెట్ స్క్వేర్ ఎరీనాలో మొదలైంది. తర్వాత 1991, 1997, 2000, 2006ల్లో పాత డోమ్‌లో, ఆపైన 2008లో కట్టిన లూకస్ ఆయిల్ స్టేడియంలో. టోర్నమెంటు నడిపే ఎన్‌సీఏఏ ఆఫీసు కూడా ఆ ఊళ్లోనే.

పేరు చూస్తే రెండోదే పెద్దది. కానీ లూకస్ ఆయిల్ అమెరికన్ ఫుట్‌బాల్ కోసం కట్టిన స్టేడియం. 70,000 మంది పట్టే చోట మధ్యలో ఒక చెక్క కోర్టు పరుస్తారు, అదీ నేల మీద కాదు, ఎత్తుగా అరుగు మీద. కింద ముందు వరసల్లో కూర్చున్నవాళ్ల కళ్లకు ఎదురుగా ఆటగాళ్ల బూట్లు. కోచ్ అరుగు మీద స్టూలేసుకుని కూర్చుంటాడు, మిగతా జట్టు కింద. మా సీట్లు పై అంతస్తులో. ఆ రోజు సెమీస్‌లో విస్కాన్సిన్‌తో ఆడే కెంటకీ యూనివర్సిటీ జట్టు 38 మ్యాచ్‌లు వరసగా గెలిచి వచ్చింది, ఎటు చూసినా నీలం చొక్కాలే. పావుగంట గడిచేసరికి నేను కోర్టు వదిలేసి పైన పెద్ద తెర చూస్తున్నాను. రెండు గంటలు కారు నడిపి వెళ్లి టీవీ చూశానన్నమాట. అయితే విస్కాన్సిన్ 71-64తో గెలిచినప్పుడు ఆ నీలం చొక్కాలన్నీ ఒక్కసారిగా మూగబోయాయి చూడండి, అది మాత్రం తెర మీద కనిపించేది కాదు.

యూడీ ఎరీనా 13,000 పైచిలుకు సీట్ల హాలు, 1969లో బాస్కెట్‌బాల్ కోసమే కట్టింది. రోడ్డు మట్టంలో లోపలికి అడుగుపెడితే కోర్టు ఎక్కడో కింద, దిగుడుబావి అడుగున నీళ్లలా మెరుస్తుంటుంది. మెట్లన్నీ దానివైపే దిగుతాయి. వెనక వరసలోంచి కూడా ఫ్రీ త్రో వేసేవాడు ఊపిరి పీల్చుకోవడం కనిపిస్తుంది. ఊరివాళ్లు తమకు సంబంధం లేని జట్ల మ్యాచ్‌కు కూడా వస్తారు, రెండో అర్ధభాగానికల్లా వెనకబడ్డ జట్టును దత్తత తీసుకుంటారు. 2012లో ఒబామా, బ్రిటన్ ప్రధాని కామెరాన్‌ను వెంటబెట్టుకుని ఇక్కడికే వచ్చాడు. ఆ రాత్రి వెస్టర్న్ కెంటకీ చివరి ఐదు నిమిషాల్లో 16 పాయింట్లు వెనకబడి కూడా 59-58తో గెలిచింది. తర్వాతి మ్యాచ్‌లో బీవైయూ (బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ) 25 పాయింట్ల లోటు పూడ్చేసింది.

నేను చూసినది 2015లో డేటన్ యూనివర్సిటీ జట్టు సొంత హాల్లోనే బాయిసీ స్టేట్‌తో ఆడిన మ్యాచ్. మామూలుగా సొంత కోర్టు మీద ఆడనివ్వరు, ఫస్ట్ ఫోర్‌కు ఆ నియమం వర్తించదు. బాయిసీ వాళ్లకు అన్యాయమే, ఒప్పుకుంటాను. చివర్లో డేటన్ ఆటగాడు సైబర్ట్ త్రీ పాయింటర్ పడ్డప్పుడు మాత్రం న్యాయాన్యాయాలు నాకు గుర్తు రాలేదు. 56-55. ఆ తర్వాత ఒక రోజంతా చెవుల్లో రొదే.

ఫస్ట్ ఫోర్‌వి చిన్న జట్లు, ఎవరిక్కావాలి అంటారు కొందరు. మొదటి ఏడాదే, 2011లో, వీసీయూ (వర్జీనియా కామన్‌వెల్త్ యూనివర్సిటీ) డేటన్‌లో మొదలుపెట్టి ఫైనల్ ఫోర్ దాకా వెళ్లింది. 2023లో ఫెయిర్‌లీ డికిన్సన్ ఇక్కడ గెలిచి, రెండు రోజులకే కొలంబస్‌లో టాప్ సీడ్ పర్డ్యూను 63-58తో పడగొట్టింది.

ఇండియానాపొలిస్ తరఫున నేను తీసిపారేయలేనిది ఒకటుంది. 2010 ఫైనల్లో అదే ఊరి చిన్న కాలేజీ బట్లర్, డ్యూక్ మీద రెండు పాయింట్లు వెనకబడి ఉంది. ఆఖరి క్షణంలో బట్లర్ ఆటగాడు హేవర్డ్ సగం కోర్టు నుంచి విసిరిన బంతి బోర్డుకు, రింగుకు తగిలి బయటపడింది. 61-59. అలాంటిది చూసే అదృష్టం ఉంటే పై అంతస్తు సీటైనా ఫర్వాలేదు. కానీ 1991 నుంచి లెక్క తీస్తే ఆ ఊళ్లో అంత దగ్గరగా వచ్చిన ఫైనల్ ఇంకొక్కటే, 1997లో అరిజోనా ఓవర్‌టైంలో కెంటకీని ఓడించినది.

ఆ ఊరు వెళ్లాలనే పట్టుదలుంటే బట్లర్ వాళ్ల హింకల్ ఫీల్డ్‌హౌస్ చూడండి. 1928 నాటిది, గోడ ఎత్తున కిటికీలు, కోర్టు మీద పడే మధ్యాహ్నపు ఎండ. టోర్నమెంటు మ్యాచ్‌లు అక్కడ 1940 తర్వాత మళ్లీ 2021లోనే జరిగాయి, కాబట్టి మామూలు సీజన్ మ్యాచ్‌తో సరిపెట్టుకోవాలి.

ఇదంతా విని బావమరిది డేటన్‌కే ఓటేశాడు. టికెట్లు మంగళవారానివి తీసుకున్నాం. రెండో మ్యాచ్ మొదలయ్యేదే రాత్రి తొమ్మిది దాటాక, బుధవారం ఎనిమిదింటికి నాకు మీటింగ్. కెమెరా ఆపేసి కూర్చుంటాను.