పాత యమహా టీటీఆర్ 125తో మూడేళ్ళు

మా చిన్నప్పుడు బడి తెరిచే ముందు బూట్లు కొనాలంటే నాన్న ఒక సైజు పెద్దవే కొనేవారు. "పెరిగే కాలు, రెండేళ్ళు వస్తాయి" అనేవారు. ముందు దూది కూరుకుని నడిచేవాళ్ళం. 2022లో మా వాడికి డర్ట్ బైక్, అంటే మట్టిదారుల్లో నడిపే బండి, కొనడానికి బయల్దేరినప్పుడు నేనూ అదే లెక్క వేశాను. మేముండేది అమెరికాలో, టెక్సస్ హ్యూస్టన్ పక్కన కేటీ అనే ఊళ్ళో. వాడికప్పుడు 13 ఏళ్ళు, ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. హోండా సీఆర్‌ఎఫ్ 230ఎఫ్ కొంటే కాలేజీకి వెళ్ళేదాకా చూసుకోనక్కర్లేదు అనుకున్నాను.

ఒకటి చూడ్డానికి వెళ్ళాం. ఎక్కి కూర్చుంటే వాడి కాలి వేళ్ళు మాత్రమే నేలకి ఆనాయి. సీటు ఎత్తు 34 అంగుళాల పైమాటే, బరువు దాదాపు 250 పౌండ్లు. "పర్లేదు నాన్నా, మేనేజ్ చేస్తా" అన్నాడు గానీ, బండి కాస్త పక్కకి ఒరిగేసరికి మొహం పాలిపోయింది. కొత్తగా నేర్చుకునేవాడు గంటకి పదిసార్లు ఆగుతాడు, అదీ ఎగుడుదిగుడు నేల మీద. ఆగిన ప్రతిసారీ కాలు నేల కోసం వెతుక్కుంటుంటే ఇక క్లచ్ మీద ధ్యాసేముంటుంది? మారు మాట్లాడకుండా ఇంటికొచ్చేశాం.

చివరికి కొన్నది యమహా టీటీఆర్ 125ఎల్ఈ. ముందు చక్రం 19, వెనక 16 అంగుళాలు, సీటు 31.7 అంగుళాల ఎత్తు, బరువు 198 పౌండ్లు. గాలికే చల్లబడే ఫోర్ స్ట్రోక్ ఇంజిన్, ఐదు గేర్లు, చేతి క్లచ్, బటన్ స్టార్ట్, ముందు డిస్క్ బ్రేక్. స్ప్లెండర్ మీద నేర్చుకున్న మనలాంటివాళ్ళకి ఆ ఇంజిన్ చప్పుడు వింటే చుట్టాల గొంతు విన్నట్టుంటుంది. దీనికి గట్టి పోటీ హోండా సీఆర్‌ఎఫ్ 125ఎఫ్ బిగ్ వీల్. 2019 నుంచి దానికి ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇచ్చారు, కార్బురేటర్ గొడవ లేదు. కానీ అలాంటివి మా బడ్జెట్‌లో దొరకలేదు.

మా వాడి మనసంతా టూ స్ట్రోక్ వైజెడ్ 125 మీదుండేది. అది రేసు బండి. ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు చప్పగా ఉండి, వేగం పెరిగాక ఒక్కసారి లంఘిస్తుంది. పైగా పెట్రోల్‌లో ఆయిల్ కొలిచి కలపాలి, పిస్టన్, రింగులు తరచూ మార్చాలి. బంకులో ఆర్‌ఎక్స్ 100కి టూ-టీ ఆయిల్ కలిపించుకున్న రోజులు నాకూ గుర్తున్నాయి, ఆ వాసనంటే ప్రేమే. అయినా మొదటి బండిగా మాత్రం వద్దన్నాను. వారం రోజులు అలిగాడు.

పాత బండి చూసేటప్పుడు నేను మొదట చేసే పని ఇంజిన్ మీద చెయ్యి వేయడం. వేడి ఇంజిన్ సులువుగా లేస్తుంది, లోపం బయటపడదు. వెళ్ళేముందే ఫోన్‌లో చెప్పాలి, "మేమొచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని. ఒకాయన దగ్గర ఇంజిన్ అప్పటికే వెచ్చగా ఉంది. "ఇప్పుడే వాకిట్లో తిప్పాను" అన్నాడు. కబుర్లతో గంట సేపు కాలక్షేపం చేసి, చల్లారాక నొక్కి చూస్తే బటన్ నొక్కీ నొక్కీ బ్యాటరీ దిగిపోయింది తప్ప బండి లేవలేదు. ఇంకో చోట 2012 మోడల్ అన్నారు. హ్యాండిల్ కింద ఫ్రేమ్ మెడ మీద కొట్టి ఉండే 17 అక్షరాల నంబర్‌లో పదోది మోడల్ సంవత్సరం చెబుతుంది. అక్కడ 8 ఉంది, అంటే 2008. అమ్మేవాడికే తెలియదేమో, వాదించలేదు.

అన్నిటికన్నా ఎక్కువ నిజం చెప్పేది ఎయిర్ ఫిల్టర్. అది విప్పి చూడనివ్వకపోతే ఆ బండి వదిలేయండి. ఇది స్పాంజి ఫిల్టర్, నూనె పట్టించి జిగురుగా ఉండాలి. నేను చూసిన ఒకదాంట్లో అది ఎండిపోయి, ముట్టుకుంటే అటుకుల్లా పొడిపొడిగా రాలింది. దాని వెనక కార్బురేటర్‌కి వెళ్ళే గొట్టంలో వేలు పెట్టి తిప్పితే సన్నటి ఎర్రమట్టి అంటింది. ఆ మట్టి లోపలికి పోయి సిలిండర్‌ని ఆకురాయిలా అరగదీస్తుంది. బయట ప్లాస్టిక్ మాత్రం తళతళా మెరుస్తోంది, స్టిక్కర్లు కొత్తవి! మేం కొన్నదాని ప్లాస్టిక్ నిండా గీతలే, ఫిల్టర్ మాత్రం శుభ్రం. 1,600 డాలర్లు ఇచ్చాను. మిగతావి చకచకా చూసేయొచ్చు: చెయిన్ తిరిగే స్ప్రాకెట్ పళ్ళు కొక్కేల్లా వంగాయా, ఫోర్క్ (ముందు చక్రం షాక్ అబ్జార్బర్) గొట్టాల మీద నూనె కారిందా, వెనక చక్రం పట్టుకుని అటూ ఇటూ ఊపితే కదులుతోందా, స్పోకుల మీద స్పానర్‌తో తడితే ఏదైనా బొంగురుగా పలుకుతోందా. టైటిల్ కాగితం, అంటే యాజమాన్య పత్రం, లేకపోతే ధర ఎంత తక్కువైనా నేను ముట్టుకోను.

నేను గమనించనిది ఒకటుంది. పాత యజమాని సైలెన్సర్ మార్చేశాడు. మేం తరచూ వెళ్ళే శామ్ హ్యూస్టన్ నేషనల్ ఫారెస్ట్‌లో స్పార్క్ అరెస్టర్ తప్పనిసరి. నిప్పురవ్వలు బయటికి రాకుండా ఆపే జాలీ అది. కంపెనీ సైలెన్సర్‌లో ఉంటుంది, మాదాంట్లో లేదు. పాతది వెతికి కొనడానికి 90 డాలర్లు, నెల రోజులు పట్టాయి. అడవికి వెళ్ళాలంటే 16 డాలర్ల ఓహెచ్‌వీ స్టిక్కర్ (రోడ్డు బయట తిరిగే బండ్లకిచ్చేది) కూడా కావాలి. 14 ఏళ్ళ లోపు పిల్లలతో అమ్మో నాన్నో, వాళ్ళు ఒప్పుకున్న పెద్దవాళ్ళో వెంట ఉండాల్సిందే. వాన పడితే దారులు మూసేస్తారు. ఓ శనివారం చూసుకోకుండా వెళ్ళి, కారులోనే పులిహోర తిని తిరిగొచ్చాం.

హెల్మెట్, బూట్లు, గాగుల్స్, మోకాలి గార్డులు, ఛాతీ కవచం అన్నీ కలిపి 600 డాలర్లు దాటింది. హెల్మెట్ మాత్రం పాతది కొనలేదు. బండి మీద బేరమాడి మిగిల్చింది బూట్లకి సరిపోయింది. మా ఆవిడ ఒప్పుకున్నదే ఇవన్నీ కొనాలన్న షరతు మీద, ఒక్క రోజు శిక్షణ ఇచ్చే డర్ట్ బైక్ స్కూల్‌కి పంపుతానన్న మాట మీద.

మూడేళ్ళలో ఇంజిన్ విప్పలేదు. ఆయిల్, ఫిల్టర్, చెయిన్ నేనే చూసుకున్నాను. ఏడిపించింది కార్బురేటరే. ఇక్కడి పెట్రోల్‌లో పది శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. రెండు నెలలు కదపకుండా ఉంచితే లోపల జిగురు కడుతుంది. మొదటి చలికాలం తర్వాత బండి చోక్ మీద తప్ప నిలబడలేదు. విప్పి చూస్తే పైలట్ జెట్, అంటే బండి నెమ్మదిగా తిరిగేటప్పుడు పెట్రోల్ అందించే చిన్న గొట్టం, మూసుకుపోయింది. దాని కన్నం సూది మొన కన్నా సన్నం, వెలుతురుకి పట్టి చూస్తే ఏమీ కనబడలేదు. క్లీనర్ కొట్టి, సన్నటి రాగి తీగతో నెమ్మదిగా పొడిస్తే చుక్కంత వెలుగొచ్చింది. ఆ తర్వాత వాడకం లేని నెలల్లో కార్బురేటర్ ఖాళీ చేసి పెట్టడం అలవాటైంది. పడటాల సంగతి చెప్పక్కర్లేదు. నాలుగు క్లచ్ లివర్లు విరిగాయి. ఒక్కోటి పది డాలర్లు, సంచీలో ఎప్పుడూ రెండు ఉండేవి.

దీని అసలు లోపం సస్పెన్షన్. 15 ఏళ్ళకి మా వాడు 5 అడుగుల 8 అంగుళాలు అయ్యాడు. చిన్న గెంతుకే ముందు ఫోర్క్ అడుగుదాకా దిగి టంగుమనేది. గట్టి స్ప్రింగులు వేయించాను, కొంచెం నయం, అంతే. నిలబడి నడిపితే హ్యాండిల్ మోకాళ్ళ దగ్గరికొచ్చేది. మూడో ఏడంతా వాడికి ఇరుకైన బండే. ఒక సైజు పెద్దది కొనుంటే ఈ ఏడాది కలిసొచ్చేది, నిజమే. కాకపోతే మొదటి ఏడాదే వాడు ఇక వద్దనేవాడేమో.

మొన్న వేసవిలో 1,350కి అమ్మేశాను. మిగిలిన రెండు లివర్లు కూడా ఇచ్చేశాను. ఇప్పుడు వాడి కన్ను సీఆర్‌ఎఫ్ 250ఎఫ్ మీదుంది, సీటు దాదాపు 35 అంగుళాలు. ఈసారి రెండు పాదాలూ నేలకి బాగానే ఆనుతున్నాయి. వాళ్ళమ్మ ఇంకా ఏమీ అనలేదు.