ఖర్దుంగ్ లా మీదుగా 72 కిలోమీటర్లు: దారి, బస, ఏర్పాట్లు

2012లో మొదలై సాధారణంగా సెప్టెంబరులో జరిగే లద్దాఖ్ మారథాన్‌లో భాగంగా, ప్రధాన పరుగుకు రెండు మూడు రోజుల ముందు 72 కిలోమీటర్ల పరుగు ఒకటి ఉంటుంది. దానిని ఖర్దుంగ్ లా చాలెంజ్ అంటారు. నుబ్రా లోయ వైపున, దాదాపు నాలుగు వేల మీటర్ల ఎత్తున ఉన్న ఖర్దుంగ్ అనే పల్లెలో తెల్లవారుజామున 3 గంటలకు బయలుదేరి, సుమారు 5,360 మీటర్ల ఎత్తున్న ఖర్దుంగ్ లా కనుమను (అక్కడ ‘లా’ అంటేనే కనుమ) దాటి, 3,500 మీటర్ల ఎత్తులో ఉన్న లేహ్ పట్టణానికి 14 గంటల లోపు చేరుకోవాలి. మొదటి 32 కిలోమీటర్లు ఎక్కుడు, తక్కిన 40 కిలోమీటర్లు దిగుడు. విశాఖపట్నంలో, అంటే సముద్రమట్టానికి కొద్ది మీటర్ల పైన నివసిస్తూ ఈ పరుగుకు సిద్ధమైన మనిషిగా నాకు స్పష్టమైన విషయం ఏమిటంటే, కాళ్లను మన ఊళ్లో సిద్ధం చేసుకోవచ్చు కానీ ఊపిరిని అక్కడికి వెళ్లి, అక్కడే ఉండి సిద్ధం చేసుకోవాలి. అందువల్ల ఏ దారిన వెళ్లాలి, ఏ గదిలో పడుకోవాలి, ఏం తినాలి అన్న ప్రశ్నలను నేను శిక్షణలో భాగంగానే చూశాను. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం వాటి గురించే.

శిక్షణ గురించి క్లుప్తంగా చెబుతాను. కొన్ని వారాల పాటు శని, ఆదివారాల్లో వరుసగా దూరపు పరుగులు తీశాను. శనివారం అలసిన కాళ్లతోనే ఆదివారం మళ్లీ పరుగెత్తడం అల్ట్రా మారథాన్, అంటే మారథాన్‌ను మించిన దూరపు పరుగు, సాధనలో అన్నిటికన్నా ఉపయోగపడే పని. సింహాచలం కొండ ఘాట్ రోడ్డు మీద ఎక్కడమూ దిగడమూ పదే పదే చేశాను. ఆషాఢ పౌర్ణమికి లక్షలాది భక్తులు నడిచే గిరి ప్రదక్షిణ మార్గం 32 కిలోమీటర్లు ఉంటుంది, ఖర్దుంగ్ పల్లె నుంచి కనుమ దాకా ఉన్న దూరమూ అంతే కాబట్టి ఆ మార్గాన్నే నా కొలతగా పెట్టుకున్నాను. ఎస్.కోట (శృంగవరపుకోట) నుంచి అనంతగిరి వైపు వెళ్లే అరకు ఘాట్‌లో మాత్రం దిగడం మీదనే దృష్టి పెట్టాను. ఎక్కడం వల్ల ఆయాసం వస్తుంది గాని, తొడ కండరాలు దెబ్బతినేది దిగేటప్పుడే. అడుగు పడిన ప్రతిసారీ ఆ కండరం సాగుతూనే శరీరపు బరువును ఆపుకోవాలి. 40 కిలోమీటర్ల దిగుడుకు సిద్ధపడనివారు కనుమ దాటాక కుంటుతూ నడవవలసి వస్తుంది.

లేహ్‌కు విమానంలో వెళ్లడం సులువు. ఢిల్లీలో ఉదయం ఎక్కితే గంటన్నర లోపే దిగవచ్చు. అయితే ఢిల్లీ నుంచి ఒక్కసారిగా మూడు వేల మీటర్లకు పైగా ఎత్తుకు చేరడం శరీరానికి పెద్ద దెబ్బ. మనాలి రోడ్డు చాలా అందమైనదని అందరూ అంటారు, నేనూ కాదనను. కానీ ఆ దారిలో 4,890 మీటర్ల బారాలాచా లా, 5,328 మీటర్ల తంగ్‌లాంగ్ లా దాటాలి, రాత్రి మజిలీకి చాలామంది ఆగే సర్చూ ఏమో 4,290 మీటర్ల ఎత్తున, లేహ్ కంటే ఎంతో పైన ఉంటుంది. ఎత్తుకు అలవాటు పడని మనిషి అక్కడ నిద్రించడం మంచిది కాదు. శ్రీనగర్ నుంచి వెళ్లే 434 కిలోమీటర్ల రోడ్డు అన్ని విధాలా మేలు. సోనామార్గ్ దాటి జోజి లా ఎక్కాక, 2,676 మీటర్ల ఎత్తున్న కార్గిల్‌లో రాత్రి ఆగి, మర్నాడు 4,108 మీటర్ల ఫోటు లా దాటి లామయూరు మీదుగా లేహ్ చేరవచ్చు. శరీరం మెట్టు మెట్టుగా ఎక్కుతుంది. నేను ఈ దారినే ఎంచుకున్నాను, సమయం ఉన్న ప్రతి పరుగరికీ దీనినే చెబుతాను. జోజి లా దగ్గర లారీల వరుసలో గంటల కొద్దీ ఆగవలసి రావచ్చు గనుక ఆ రోజు మరో పని పెట్టుకోకూడదు.

లేహ్‌లో బస విషయంలో బజారుకు దగ్గరగా ఉండాలన్న ఆలోచనను పరుగుకు వచ్చినవారు వదులుకోవడం మంచిది. మొదట నేను దిగింది బజారు దగ్గరి ఒక హోటల్‌లో. గది పెద్దదే, కిటికీలోంచి లేహ్ రాజభవనం చక్కగా కనిపించేది. అయితే నాకు ఇచ్చిన గది మూడో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. మొదటి రెండు రోజులు ఆ మెట్లు ఎక్కిన ప్రతిసారీ గుండె దడదడలాడేది. ఆక్సిజన్ సిలిండర్ అందుబాటులో ఉంటుందని గది మాట్లాడుకున్నప్పుడు చెప్పారు. పక్క గదిలోని పెద్దాయనకు ఒక రాత్రి తలపోటు ఎక్కువై సిలిండర్ అడిగితే దానికి మాస్కు లేదని తేలింది. ఆయనను వారి అబ్బాయి టాక్సీలో ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్లవలసి వచ్చింది. ఆ ఆసుపత్రిలో, అంటే సోనమ్ నోర్బూ స్మారక ఆసుపత్రిలో, ఎత్తు వల్ల వచ్చే జబ్బులను రోజూ చూసే వైద్యులున్నారు. లేహ్‌కు వెళ్లే ప్రతివారూ అది ఎక్కడుందో మొదటిరోజే తెలుసుకుని ఉండాలి.

తరువాత నేను లేహ్‌లోనే శంకర్ అనే పేట వైపున ఒక కుటుంబం నడిపే గెస్ట్‌హౌస్‌కు మారాను. అద్దె హోటల్ కంటే తక్కువ. నేల అంతస్తులో గది, ముందు కూరగాయల మడి, చుట్టూ పోప్లార్ చెట్లు. వేడినీళ్లు సోలార్ మీద కాగుతాయి కాబట్టి సాయంత్రం లోపే స్నానం ముగించాలి. ఈ నియమాన్ని ఇంటావిడ ముందే స్పష్టంగా చెప్పింది, చెప్పినట్టే జరిగింది. ఆమెను అందరూ అమలే అని పిలిచేవారు, అంటే అమ్మగారూ అన్నట్టు. నేనూ అలాగే పిలిచాను. ప్రతి ఉదయం రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని చూపే నా ఆక్సిమీటర్‌లో అంకె ఎంత వచ్చిందో ఆమె అడిగేది, ఎనభై ఐదు దాటితే తృప్తిగా తల ఊపేది. బజారుకు ఇరవై నిమిషాల నడక. చాంగ్‌స్పా అనే మరో పేట వైపు గెస్ట్‌హౌస్‌లు కూడా చూశాను. తినడానికి, కూర్చోవడానికి చోట్లు అక్కడే ఎక్కువ, కానీ రాత్రి పొద్దుపోయేదాకా సందడి ఉంటుంది. ఈ ఎత్తులో నిద్ర అసలే పలచనగా పడుతుంది, దానికి సంగీతం తోడైతే మరునాటి సాధన పోయినట్టే.

తిండి సంగతి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు ఇక్కడే ఎక్కువ ఇబ్బంది పడతారు. 3,500 మీటర్ల ఎత్తున నీరు 88 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. ప్రెషర్ కుక్కర్ లేని వంటింట్లో పప్పు ఉడకదు, అన్నం పలుకు మీద ఉంటుంది. కుక్కర్ ఉందో లేదో అడిగి మరీ గది తీసుకోండి అని నేను చెప్పేది ఇందుకే. స్థానిక వంటల్లో పరుగుకు సరిపోయేవి చాలా ఉన్నాయి. గోధుమ పిండి ముద్దలను కూరగాయలతో ఉడికించే స్క్యూ, నూడిల్స్‌తో చేసే తుక్పా, మందపాటి ఖంబీర్ రొట్టె, ఎండు జల్దారు పండ్లు అన్నీ పిండిపదార్థం నిండినవే, కడుపుకు తేలికైనవే. ఉప్పు, వెన్న వేసి చిలికే గుర్‌గుర్ చాయ్ ఆ పొడిగాలిలో నీటినీ ఉప్పునూ కలిపి ఇస్తుంది. నాకు అది బాగా నచ్చింది. అయితే ఎత్తుకు వెళ్లాక ఆకలి మందగిస్తుంది, నాలుగు ముద్దలు తినేసరికి చాలనిపిస్తుంది. అప్పుడు అలవాటైన రుచే మనచేత తినిపిస్తుంది. ఇంటినుంచి తీసుకువెళ్లిన కందిపొడిని వేడి అన్నంలో వెన్నతో కలుపుకుని తిన్నాను. దానివల్ల నేను తిన్న అన్నం, మరే శక్తినిచ్చే జెల్ వల్లనూ రాని బలాన్ని ఇచ్చిందని నమ్మకంగా చెప్పగలను.

పరుగుకు చాలా రోజుల ముందే లేహ్ చేరి హాజరు వేయించుకోవాలని నిర్వాహకులు నిబంధన పెట్టారు. అంతకుముందు పూర్తిచేసిన దూరపు పరుగుల ఆధారాలు అడుగుతారు, లేహ్‌లో వైద్య పరీక్ష కూడా చేస్తారు. సెలవు దొరకని వారికి ఇది కష్టంగా తోచవచ్చు. కానీ ఈ నిబంధనను నేను పూర్తిగా సమర్థిస్తాను. లేహ్‌లో గాలిలోని ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులే, కనుమ మీద ఇంచుమించు సగమే. ఎంత గట్టి పరుగరికైనా రక్తం ఆ లోటును పూడ్చుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది, దానికి దగ్గరదారి లేదు. ఎసిటాజోలమైడ్ మాత్ర కొంత సాయం చేస్తుంది గాని సల్ఫా మందులు పడనివారు దానిని తీసుకోకూడదు గనుక వైద్యుని అడిగే వాడాలి. మొదటి రెండు రోజులు కదలకుండా విశ్రాంతి తీసుకుని, తరువాత శాంతి స్తూపం మెట్లు, ఆపైన లేహ్‌కు ఎగువనున్న గంగ్‌లెస్ పల్లె వైపు ఎక్కుడు, చివరికి కనుమకు లేహ్ వైపున్న దక్షిణ పుల్లు చెక్‌పోస్టు దాకా బండిలో వెళ్లి అక్కడ కొద్దిసేపు పరుగు, ఇలా పగలు పైకి వెళ్లి రాత్రికి కిందికి వచ్చి నిద్రించడమే నేను పాటించిన క్రమం.

పరుగుకు ముందురోజు బస్సుల్లో ఖర్దుంగ్ పల్లెకు తీసుకువెళతారు. బస్సు అదే కనుమ మీదుగా వెళుతుంది కాబట్టి, మర్నాడు పరుగెత్తవలసిన దారి మొత్తాన్ని తిరగేసి చూడవచ్చు. ఎక్కడ తారు బాగుంది, ఎక్కడ కంకర తేలింది అన్నది కిటికీలోంచి గమనించి రాసుకున్నాను. పల్లెలో బస ఇళ్లలోనే. పెద్ద గదిలో తివాచీల మీద వరుసగా పరుపులు, ఒక్కొక్కరికి మూడేసి దుప్పట్లు ఇచ్చారు. లద్దాఖ్ సంప్రదాయపు పొడి మరుగుదొడ్డి ఇంటి బయట ఉంది. దానిలో నీళ్లు పోయరు, మట్టి వేస్తారు. నీటి కరువు ఉన్న చోట ఇంతకన్నా తెలివైన ఏర్పాటు లేదు, శుభ్రంగానూ ఉంది. సాయంత్రం ఆరు గంటలకే భోజనం పెట్టారు. అర్ధరాత్రి దాటగానే ఆ ఇంటివారు లేచి మా అందరికీ సంపా (వేయించిన బార్లీ పిండి) జావ కాచి ఇచ్చారు. రెండు నక్షత్రాల హోటల్‌తోనో మూడు నక్షత్రాల హోటల్‌తోనో పోల్చి ఈ బసకు మార్కులు వేయడం తగదు. అపరిచితుల కోసం ఒక ఊరు ఊరంతా నిద్ర మానుకుని పొయ్యి వెలిగించడం డబ్బుతో కొనగలిగే సేవ కాదు.

మొదటి పదిహేను కిలోమీటర్లు హెడ్‌ల్యాంప్ వెలుగులో సాగాయి. కనుమకు నుబ్రా వైపున్న ఉత్తర పుల్లు చెక్‌పోస్టు దాకా ఎక్కుడు మెల్లగానే ఉంటుంది గనుక వేగంగా వెళ్లాలనిపిస్తుంది. ముక్కుతో ఊపిరి తీసుకోగలిగినంత వేగమే చాలు అన్న నియమాన్ని నేను విడవలేదు. ఆ తరువాత చలి పెరిగింది. నీటి సంచి గొట్టంలో గడ్డకట్టే ప్రమాదం ఉన్నందున ప్రతి గుక్క తరువాత నీటిని తిరిగి సంచిలోకి ఊదాను, సీసా ఒకటి చొక్కా లోపల పెట్టుకున్నాను. సహాయ కేంద్రాల్లో గోరువెచ్చని నీళ్లు, సూప్, ఉప్పు జల్లిన ఉడికించిన బంగాళదుంపలు ఇచ్చారు. ఆక్సిజన్‌తో అంబులెన్సులు దారి పొడవునా కనిపించాయి. వైద్య సహాయకులు ప్రతి పరుగరినీ పేరు అడిగి, మాట తడబడుతోందా అని చూసి పంపించారు. ఏర్పాట్లన్నిటిలో నాకు అత్యంత విలువైనదిగా తోచింది ఇదే. మెదడుకు నీరు పట్టే ప్రాణాంతక స్థితి మొదట మాటలోనూ నడకలోనూ బయటపడుతుంది.

ఎక్కుడులో చివరి పది కిలోమీటర్లు దాదాపు అందరూ నడిచారు. కనుమ మీద ఎన్నో ఏళ్లు 18,380 అడుగులని బోర్డు ఉండేది. ఉపగ్రహ కొలతల ప్రకారం అసలు ఎత్తు 17,580 అడుగుల దగ్గర ఉంటుంది. పరుగెత్తే శరీరానికి ఈ 800 అడుగుల తేడా పట్టదు. అక్కడ ఫోటోల కోసం ఆగకుండా వెంటనే దిగడం మొదలుపెట్టాలి. దక్షిణ పుల్లు చేరేసరికి తలభారం తగ్గింది, ఎండ మాత్రం మండింది. పగలు ఎక్కేకొద్దీ పర్యాటకుల మోటార్ సైకిళ్లు పెరిగి దుమ్ము, పొగ వచ్చాయి. ఈ ఒక్క విషయంలో ఏర్పాట్లు ఇంకా మెరుగుపడాలి. ముక్కుకు కట్టుకునే పలచని గుడ్డ తప్పక ఉండాలి. గంగ్‌లెస్ దాటి లేహ్ చెట్లు కనిపించాక కూడా ఇంకా చాలా దూరం మిగిలి ఉంటుంది. అరకు ఘాట్‌లో దిగిన దిగుళ్లన్నీ నన్ను అక్కడ నిలబెట్టాయి. గడువు లోపల ముగించాను.

వెళ్లదలచినవారికి మిగిలిన వివరాలు. మారథాన్ వారంలో మంచి గదులు నెలల ముందే నిండిపోతాయి కాబట్టి పేరు నమోదు చేసుకున్న రోజే గదీ మాట్లాడుకోవాలి, నేల అంతస్తే అడగాలి. నా ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయలేదు, పోస్ట్‌పెయిడ్ ఉన్నవారికి ఇబ్బంది రాలేదు. ఖర్దుంగ్ పల్లెకు నగదు పట్టుకెళ్లాలి. తిరుగు ప్రయాణం విమానంలో చేయవచ్చు, దిగేటప్పుడు ఎత్తు సమస్య లేదు. లేహ్‌లో మధ్యాహ్నం గాలి ఉధృతమవుతుంది గనుక విమానాలు ఎక్కువగా ఉదయమే నడుస్తాయి, వాతావరణం బాగా లేకపోతే రద్దవుతాయి. ఢిల్లీలో పై విమానానికి ఒక పూట కాకుండా ఒక రోజు వ్యవధి ఉంచుకుంటే మంచిది. ఆ రోజును లేహ్‌లోనే గడపగలిగితే మరీ మంచిది, ఆదివారం జరిగే మారథాన్‌లో పరుగెత్తే స్థానిక పిల్లలను దారి పక్కన నిలబడి చూడవచ్చు.