పాత విమానం కొనేముందు ఇంజిన్ మానిటర్ డేటా తీయించండి

డాలస్ చుట్టుపక్కల సెకండ్ హ్యాండ్ విమానం కోసం చూస్తున్న మనవాళ్లు దయచేసి ఇది చదవండి. మేం ముగ్గురం కలిసి పాత పైపర్ ఆర్చర్ కొన్నాం. ఇంజిన్ లైకమింగ్ కంపెనీ చేసిన ఓ-360. ఓవర్‌హాల్ (ఇంజిన్ మొత్తం విప్పి బాగుచేయడం) తర్వాత తక్కువ గంటలే తిరిగిందని, ఎంతో జాగ్రత్తగా నడిపామని ప్రకటనలో ఉంది. లాగ్‌బుక్‌లు బాగున్నాయి, సిలిండర్లు గాలిని ఎంత బిగువుగా పట్టి ఉంచుతున్నాయో చూసే కంప్రెషన్ టెస్టూ పాసైంది. ప్రతి ఫ్లైట్‌లో ఇంజిన్ వేడి లాంటివి రికార్డు చేసే ఇంజిన్ మానిటర్ డేటా అడిగితే మాత్రం, అందులో ఏమీ సేవ్ కాలేదన్నాడు అమ్మినాయన.

పచ్చి అబద్ధం. కొన్ని నెలలకే మూడో సిలిండర్ కంప్రెషన్ పడిపోయింది. మెకానిక్ బోరోస్కోప్ (సిలిండర్ లోపలికి పెట్టి చూసే సన్నటి కెమెరా) పెట్టి చూపించాడు. ఎగ్జాస్ట్ వాల్వ్ అంచు ఒకవైపే ఆకుపచ్చగా మాడి ఉంది. మానిటర్‌లోంచి డేటా తీస్తే పాత ఫ్లైట్లన్నీ అందులోనే ఉన్నాయి. ఎండాకాలంలో పైకెక్కినప్పుడల్లా ఆ సిలిండర్ హెడ్ 450 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటింది. రెడ్‌లైన్, అంటే దాటకూడని హద్దు, 500 కాబట్టి గేజ్ చూసి ఎవరూ కంగారుపడరు. కానీ ఇంజిన్ ఎక్కువకాలం మన్నాలంటే క్రూజ్‌లో (ఒకే ఎత్తులో నిలకడగా ఎగిరేటప్పుడు) 65 శాతం పవర్, 400 డిగ్రీల లోపు ఉండాలని లైకమింగే చెబుతుంది. 75 శాతం పైన లీన్ చేయొద్దనీ, అంటే గాలిలో కలిసే ఇంధనం తగ్గించొద్దనీ చెబుతుంది. అమ్మినాయన ఆ తప్పూ చేశాడు.

ఇంకోటి, చాలామంది పైలట్లు మంచిదనుకుని చేసేదే. టేకాఫ్ అవగానే థ్రాటిల్ (పవర్ పెంచి తగ్గించే లీవర్) కాస్త వెనక్కి లాగడం. గాలి, ఇంధనం కలిపే కార్బురేటర్లు చాలావాటిలో థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఉంటేనే అదనపు ఇంధనం వస్తుంది, సిలిండర్లను చల్లబరిచేది అదే. కొంచెం లాగితే పవర్ పెద్దగా తగ్గదు, ఆ చల్లదనం మాత్రం పోతుంది. వేడి పెరుగుతుంటే నోస్ దించి, స్పీడు పెంచి, ఇంజిన్‌కి గాలి తగలనివ్వాలి.

తక్కువ గంటలు అన్న మాటకి మురిసిపోకండి. ఆ గంటలు ఎన్నేళ్లలో తిరిగాయో చూడండి. లైకమింగ్‌లో వాల్వ్‌లను తెరిపించే క్యామ్‌షాఫ్ట్ ఇంజిన్‌లో పైభాగాన ఉంటుంది. విమానం నెలల తరబడి ఊరికే నిలబడితే దాని మీది ఆయిల్ జారిపోయి తుప్పు పడుతుంది. ఈ ఇంజిన్‌కి ఓవర్‌హాల్ గడువు 2000 గంటలు లేదా 12 ఏళ్లు, ఏది ముందైతే అది.

డబ్బు కట్టేముందు మానిటర్ డేటా మీ మెకానిక్ చేతే తీయించండి. అమ్మేవాళ్లు పంపిన ఫైల్ ఒక్కటే సరిపోదు. ప్రతి ఎగ్జాస్ట్ వాల్వ్‌కీ బోరోస్కోప్ ఫొటో అడగండి. కుదరదంటే ఆ విమానం వదిలేయండి. మాకు సిలిండర్ మార్పించడానికి వేల డాలర్లయ్యాయి, ఆయన ఫోనెత్తడం మానేశాడు.